చేప పొలుసు నుంచి వడపోత

వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల మధ్య నీళ్ల మీద డీజిల్ రంగురంగులుగా తేలుతుంటుంది. చూడ్డానికి బాగోదు గానీ, తేలే నూనెను పైనుంచి తోడేయొచ్చు. అసలు తలనొప్పి ఇంజిన్ కింద చేరే బిల్జ్ నీళ్లతోనే. ఆయిలూ ఉప్పునీళ్లూ అలల కుదుపుకీ పంపు దెబ్బకీ చిలికినట్టయి మజ్జిగలా తెల్లబడతాయి. అందులో సబ్బునీళ్లు కూడా పడ్డాయంటే నూనె బొట్లు ఒకదానితో ఒకటి కలవనే కలవవు.

బొట్టు వ్యాసం పదోవంతయితే అది పైకి తేలే వేగం నూరోవంతవుతుంది. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) డీజిల్ బొట్టు కదలని సముద్రపు నీళ్లలో మీటరు పైకి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. 1 మైక్రాన్ బొట్టుకైతే నెలలే. పెద్ద ఓడలు వదిలే బిల్జ్ నీళ్లలో నూనె పది లక్షల పాళ్లకు 15 పాళ్లు మించకూడదని మార్పోల్ అంతర్జాతీయ నిబంధన. ఇలాంటి నీళ్లను ట్యాంకులో ఊరికే తేరనిస్తే ఆ లెక్క అందదు. అందుకే మెంబ్రేన్లు, అంటే సన్నని రంధ్రాలున్న వడపోత పొరలు.

2004లో చైనా శాస్త్రవేత్తలు స్టీలు వలకు టెఫ్లాన్ పూసి, నూనెను వదిలి నీటిని ఆపే వడపోత చేశారు. పేరైతే బాగా వచ్చింది. కానీ నూనె రంధ్రాల్లో పేరుకుపోతుంది. పైగా బరువైన నీళ్లు కిందికి చేరి వలకూ నూనెకూ మధ్య అడ్డుపడతాయి.

మరి నూనె పడిన నీళ్లలో ఈదే చేపకు నూనె ఎందుకంటదు? పొలుసు మీది సన్నని గరుకుదనం, జిగురు కలిసి నీటి పొరను పట్టి ఉంచుతాయి. నూనె ఆ పొరను తాకుతుంది తప్ప పొలుసును కాదు. పొలుసు ఎండిపోతే ఈ గుణం ఉండదు. 2011లో చైనా శాస్త్రవేత్త లెయ్ జ్యాంగ్ బృందం స్టీలు వలకు నీటిని పట్టి ఉంచే పాలీఅక్రిలమైడ్ జెల్ పూసి ఇదే పని చేయించింది: నీళ్లు దిగిపోతాయి, నూనె పైనే ఆగుతుంది. మజ్జిగైన నీళ్లకు మాత్రం ఇంకా సన్నని రంధ్రాలు కావాలి. రంధ్రం సన్నబడితే నూనె దూరడం కష్టమవుతుంది, నీటి ధార కూడా తగ్గుతుంది.

ల్యాబ్‌లో శుభ్రమైన కిరోసిన్‌తో వచ్చే గొప్ప ఫలితాలను నేను పెద్దగా లెక్కచేయను. హార్బర్ నీళ్లలో బురద, చేప కొవ్వు, సబ్బు అన్నీ ఉంటాయి. అవి పట్టేశాక ఏ పూతైనా నీరసిస్తుంది. సిలికాన్ కార్బైడ్ సిరామిక్ పొర ఖరీదైనదే, కానీ ఘాటైన క్షారంతో కడిగినా చెడదు. పెద్ద రిఫైనరీకైతే ఆ ఖర్చు గిట్టుతుంది, ఒక్కో బోటుకీ పెట్టడం కుదరదు. బోట్ల బిల్జ్ నీళ్లన్నీ జెట్టీ మీద ఒకే ట్యాంకులో పోగేసి, ముందు తేలిన నూనె తీసి, మిగిలింది అలాంటి పొర గుండా పంపడమే నాకు తోచే దారి.