గాలికి పేరు, నీటితో నష్టం: బ్రిటన్‌లో 2015-16 శీతాకాలం

2015 డిసెంబరు 5, శనివారం. రాత్రి పదకొండు కావస్తుండగా ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలో లూన్ నది ఒడ్డున ఉన్న లాంకాస్టర్ పట్టణంలో కరెంటు పోయింది. నది పొంగి సబ్‌స్టేషన్‌లోకి నీరు చేరడంతో దాన్ని ఆపివేయక తప్పలేదు. ఆ ఒక్క సబ్‌స్టేషన్ మీద ఆధారపడిన సుమారు 60 వేల ఇళ్ళూ దుకాణాలూ కార్యాలయాలూ ఒకేసారి చీకటైపోయాయి. కరెంటు పోయిందంటే దీపాలు, ఫ్యాన్లు ఆగిపోవడమే మనకు ముందు తడుతుంది. లాంకాస్టర్‌లో దీపాల వెనకే ఒకటొకటిగా మిగతావన్నీ పోయాయి. మొబైల్ టవర్ల బ్యాటరీలు ఎంతోసేపు నిలవలేదు. ఇంటర్నెట్ ఆగింది, ఏటీఎంలు, కార్డు గీకే యంత్రాలు పనిచేయలేదు, మేడ ఇళ్ళలో లిఫ్టులు కదలలేదు. గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకునే కార్డ్‌లెస్ ఫోన్లు మూగబోయాయి కానీ, పాత తీగ ఫోను ఇంట్లో మిగిలి ఉన్నవారికి మాత్రం, దానికి కావలసిన కొద్దిపాటి విద్యుత్తు ఎక్స్చేంజీ నుంచే వస్తుంది కనుక, మాట్లాడే వీలు దక్కింది. బ్యాటరీ రేడియోకు ఒక్క రాత్రిలో విలువ పెరిగింది. లాంకాస్టర్ విశ్వవిద్యాలయం టర్మును ముందుగానే ముగించి విద్యార్థులను ఇళ్ళకు పంపింది. లారీలంత ఉండే డీజిల్ జనరేటర్లను పదుల సంఖ్యలో తెచ్చి, వీధి తరవాత వీధికి కరెంటు ఇచ్చుకుంటూ వచ్చారు.

ఆ రాత్రికి కారణమైన తుపాను పేరు డెస్మండ్. బ్రిటన్, ఐర్లండ్ వాతావరణ శాఖలు కలిసి శీతాకాలపు తుపానులకు పేర్లు పెట్టడం మొదలుపెట్టిన మొదటి ఏడాదే అది. అబిగైల్, బార్నీ, క్లోడా తరవాత నాలుగోదిగా డెస్మండ్ వచ్చింది. ఆ పైన ఈవా, ఫ్రాంక్, గెర్ట్రూడ్, హెన్రీ, ఇమోజెన్, జేక్, కేటీ వచ్చాయి. నవంబరు మధ్య నుంచి మార్చి చివరి దాకా, నాలుగున్నర నెలల్లో పదకొండు పేర్లు ఖర్చయ్యాయి.

పేర్లు ఎందుకు కావలసి వచ్చాయో అర్థం కావడానికి రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 2013 అక్టోబరు 28న వాయవ్య ఐరోపా మీదుగా సాగిన ఒకే తుపానును బ్రిటన్ పత్రికలు సెయింట్ జూడ్ అన్నాయి, జర్మన్లు క్రిస్టియన్ అన్నారు, స్వీడన్‌లో అది సిమోన్ అయింది, డెన్మార్క్‌లో ఆలన్ అయింది. జర్మనీలో అల్పపీడనాలకు పేర్లు పెట్టే పని బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ 1954 నుంచే చేస్తోంది. 2002 నుంచి డబ్బు కట్టినవారు తమకు నచ్చిన పేరు పెట్టుకునే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. అధికారిక పేరు లేనిచోట జనం ఊరుకోరు. 2011 డిసెంబరులో స్కాట్లండ్‌ను ఊపేసిన తుపానుకు అక్కడివారు పెట్టుకున్న పేరును ఇంటిల్లిపాదీ చదివే వ్యాసంలో అనువదించడం కుదరదు. ఇలా తలా ఒక పేరూ పుట్టే బదులు, ముందే ఒక జాబితా ఉంటే హెచ్చరిక అందరికీ ఒకేలా చేరుతుందన్న ఉద్దేశంతో, ప్రజలు పంపిన సూచనల నుంచి 21 పేర్లు ఎంపిక చేశారు. అట్లాంటిక్ హరికేన్ల పద్ధతినే అనుసరించి క్యూ, యూ, ఎక్స్, వై, జెడ్ అక్షరాలను వదిలేశారు. ఆడ పేరు, మగ పేరు ఒకదాని తరవాత ఒకటి వచ్చేలా చూశారు. ఇందులో ఒక చిన్న ముచ్చట ఉంది. క్లోడా అనేది ఐర్లండ్‌లో ఒక నది పేరు, మన ఇళ్ళలో గోదావరి, కృష్ణవేణి అని ఆడపిల్లలకు పెట్టుకున్నట్టు అక్కడ అది ఆడపిల్లల పేరైంది. డెస్మండ్ అంటే దక్షిణ మన్‌స్టర్ అనే ఒక ఐరిష్ సీమ పేరు.

మన తుపానులకు పేర్లు 2004 నుంచి ఉన్నాయి. విశాఖపట్నం మరచిపోలేని హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చింది. అంతకుముందు వాటిని మనం ఊరి పేరుతోనే గుర్తుపెట్టుకునేవాళ్ళం. 1977 నవంబరు 19 నాటిది ఇప్పటికీ దివిసీమ ఉప్పెనే. అయితే పేరు పెట్టే పద్ధతి ఒకటైనా, తుపాను జాతి వేరు. బంగాళాఖాతంలో పుట్టే తుపానుకు వెచ్చని సముద్రమే ఇంధనం. నీరు ఆవిరై పైకి లేచి, మేఘంగా మారేటప్పుడు వదిలే వేడి దాన్ని నడుపుతుంది, అందుకే తీరం దాటగానే బలహీనపడుతుంది. ఉత్తర అట్లాంటిక్ శీతాకాలపు తుపాను ప్రధానంగా ఉష్ణోగ్రతల తేడా మీద బతుకుతుంది. ధ్రువం వైపు నుంచి వచ్చే చల్లని గాలి, ఉపఉష్ణమండలం నుంచి వచ్చే వెచ్చని గాలి ఎదురుపడేచోట, తొమ్మిది పది కిలోమీటర్ల ఎత్తున జెట్ ప్రవాహం అనే వేగమైన గాలి పరుగెడుతూ ఉంటుంది. ఆ ప్రవాహం పైన గాలిని బయటికి లాగుతున్నకొద్దీ కింద పీడనం పడిపోతుంది. అలా పుట్టిన అల్పపీడనం వెయ్యి కిలోమీటర్లకు పైగా వ్యాపించగలదు, నేల మీదికి వచ్చినా చప్పున చావదు. జెట్ ప్రవాహం బలంగా, ఒకే దారిలో స్థిరపడిన శీతాకాలంలో తుపానులు వరుస కడతాయి. 2015-16లో జరిగింది అదే.

గాలి లెక్కన చూస్తే డెస్మండ్ ఆ వరుసలో అన్నింటికంటే పెద్దది కాదు. తరవాత వచ్చిన గెర్ట్రూడ్, కేటీల గాలి అంతకంటే బలమైనది. డెస్మండ్ వెంట వచ్చిన వాన మాత్రం సామాన్యమైనది కాదు. కరీబియన్ ప్రాంతం నుంచి అట్లాంటిక్‌ను దాటుకుంటూ వేల కిలోమీటర్ల పొడవున సాగిన తేమ పట్టీ ఒకటి, శాస్త్రవేత్తలు వాతావరణ నది అని పిలిచేది, ఇంగ్లండ్ వాయవ్యంలోని కంబ్రియా కొండలకు ఎదురుగా వచ్చి ఒక రోజుకు పైగా అక్కడే నిలబడిపోయింది. నైరుతి రుతుపవనాలు పశ్చిమ కనుమలను తాకినప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. తేమగాలి కొండవాలు వెంట పైకెక్కి, చల్లబడి, మోస్తున్న నీటిని అక్కడే కుమ్మరిస్తుంది. హోనిస్టర్ కనుమలోని వర్షమాపకంలో 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు, అంటే 34 సెంటీమీటర్లు నమోదైంది. ఏడాది పొడవునా కలిపినా లండన్‌లో కురిసేది 60 సెంటీమీటర్ల చుట్టుపక్కలే. దగ్గరలోని థర్ల్‌మియర్‌లో రెండు రోజుల వాన 40 సెంటీమీటర్లు దాటింది. రెండూ బ్రిటన్‌లో రికార్డులే. అప్పటికే నవంబరు వానలకు నేల నాని ఉంది. ఇక ఇంకడానికి చోటు లేక పడిన నీరు పడినట్టే వాగుల్లోకి దిగింది.

లూన్ నదిలో ఆనాటి ఉధృతి సెకనుకు సుమారు 1,700 ఘనమీటర్లు. మన లెక్కలో అది 60 వేల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర 1986లో 35 లక్షల క్యూసెక్కులు చూసిన గోదావరి పక్కన ఇది పిల్లకాలువలా అనిపించవచ్చు. కానీ లూన్ వంద కిలోమీటర్ల పొడవు కూడా లేని నది. ఇంగ్లండ్ నదుల్లో అప్పటిదాకా కొలిచిన అత్యధిక ప్రవాహాల్లో అది ఒకటి. ఉత్తరాన ఈడెన్ నది కార్లైల్ నగరాన్ని ముంచింది. 2005 వరద తరవాత అక్కడ దాదాపు 4 కోట్ల పౌండ్లు వెచ్చించి కట్టిన కరకట్టల మీదుగానే నీరు పొర్లింది. కట్టలు తెగలేదు, ఎత్తు చాలలేదు. నగరంలోని పెద్ద బిస్కెట్ కర్మాగారంలోకి నీరు చేరి పొయ్యిలు పాడవడంతో, 2016 మొదటి నెలల్లో బ్రిటన్ దుకాణాల్లో అల్లం బిస్కెట్లకు కరువొచ్చింది. ఎక్కడో కొండల్లో పడిన వాన, మూడు వందల మైళ్ళ అవతల టీ కప్పు పక్కన ఉండవలసిన బిస్కెట్‌ను మాయం చేసిన సంగతి పత్రికల్లో వరదకు దీటుగా చర్చకు వచ్చింది. బ్రిటిష్ వారి ప్రాధాన్యాలు తెలిసినవారికి అది వింతగా తోచదు.

ఈవా డిసెంబరు 24న వచ్చి వెళ్ళింది. దాని గాలి గురించి చెప్పుకోవలసింది తక్కువ. క్రిస్మస్ మర్నాడు, 26న, లీడ్స్‌నూ యార్క్‌నూ కాల్డర్ లోయలోని హెబ్డెన్ బ్రిడ్జ్, మైథమ్‌రాయిడ్ ఊళ్ళనూ ముంచిన కుండపోత ఈవా దాటిపోయాక, దాని వెనక వచ్చిన మరో వ్యవస్థ కురిపించింది. దానికి పేరు లేదు. అయినా చాలామంది నోట ఆ వరద ఈవా ఖాతాలోనే పడింది, ఎందుకంటే చేతికందిన పేరు అదొక్కటే. ఆ తొలి ఏడాది పేరు పెట్టడానికి గాలి వల్ల కలగగల నష్టమే కొలమానం. వాననూ మంచునూ కూడా లెక్కలోకి తీసుకోవడం తరవాత వచ్చిన మార్పు. వరదకు నిర్దిష్టమైన ఆరంభం, ముగింపు ఉండవు. అది నిన్నటి వానతో, మొన్నటి వానతో, నేల పట్టే నీటితో, కాలువ వెడల్పుతో తయారవుతుంది. పటం మీద సుడి తిరిగే గాలికి పేరు అతికినంత సులువుగా దానికి అతకదు.

యార్క్‌లో ఆ రోజు జరిగింది కాస్త దగ్గరగా చూడాలి. ఆ నగరంలో ఊజ్ అనే పెద్ద నదిలో ఫాస్ అనే చిన్న నది కలుస్తుంది. ఊజ్ పొంగినప్పుడు దాని నీరు ఫాస్‌లోకి ఎదురెక్కి వీధుల్లోకి రాకుండా, సంగమం దగ్గర 1980ల చివర్లో ఒక గేటు కట్టారు. గేటు దించితే ఫాస్ నీరు పోవడానికి దారి ఉండదు కనుక, పక్కనే ఉన్న పంపులు ఆ నీటిని ఎత్తి ఊజ్‌లో పోస్తాయి. ఎన్నో ఏళ్ళు ఏర్పాటు చక్కగా పనిచేసింది. 26వ తేదీన ఫాస్‌లోకి పంపులు తోడగలిగిన దానికి మించి నీరు వచ్చింది; పైగా పంపులు నడిపే భవనంలోకే నీరు చేరి విద్యుత్ పరికరాలు తడిసే పరిస్థితి ఏర్పడింది. గేటు మూసి ఉండగా పంపులు ఆగితే ఫాస్ వెనక ఉన్న ఇళ్ళన్నీ మునుగుతాయి, గేటు ఎత్తితే ఊజ్ లోపలికి వస్తుంది. ఎత్తడానికే నిర్ణయించారు. ఆరు వందలకు పైగా ఇళ్ళూ దుకాణాలూ నీట మునిగాయి. లాంకాస్టర్ సబ్‌స్టేషన్‌లోనూ ఇక్కడా ఉన్న బలహీనత ఒకటే: వరదలో అందరికీ ఆసరా కావలసిన యంత్రం తానే వరద అందేంత ఎత్తులో ఉంది.

డిసెంబరు 29, 30 తేదీల ఫ్రాంక్ స్కాట్లండ్‌లో డీ నదిని పొంగించి బాలటర్ ఊరిని ముంచింది. అదే తుపాను వ్యవస్థ వెచ్చని గాలిని ఎంత దూరం నెట్టిందంటే, ఆ రోజుల్లో ఉత్తర ధ్రువానికి చేరువలో ఉన్న తేలుడు పరికరాలు సున్నా డిగ్రీలకు పైన ఉష్ణోగ్రతను చూపించాయి. సూర్యుడు కనిపించని నడి శీతాకాలంలో, మైనస్ 25 నుంచి 30 డిగ్రీలు ఉండవలసిన చోట ఇది జరిగింది. 1659 నుంచి లెక్కలున్న మధ్య ఇంగ్లండ్‌లోనూ అంత వెచ్చని డిసెంబరు ముందెన్నడూ లేదు, సగటు 9.7 డిగ్రీలు, అంటే దాదాపు ఏప్రిల్ వాతావరణం. మిగిలిన పేర్లు ఎక్కువగా గాలివే. మార్చి ఆఖరున ఈస్టర్ సెలవుల్లో కేటీ దక్షిణ ఇంగ్లండ్‌లో చెట్లు కూల్చి, విమానాలను దారి మళ్ళించి జాబితాను ముగించింది. ఐర్లండ్‌లో షానన్ నది వెంబడి పొలాలు మాత్రం వారాల తరబడి నీటి కిందే ఉన్నాయి.

ఆ డిసెంబరు తెలుగువారికీ తమిళులకూ వేరే కారణంతో గుర్తుంది. నవంబరులో నెల్లూరు, చిత్తూరు జిల్లాలు మునిగాయి. డెస్మండ్‌కు నాలుగు రోజుల ముందు, డిసెంబరు 1న చెన్నైని వాన ముంచెత్తింది, తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు కురిసింది. పసిఫిక్‌లో అప్పుడు బలమైన ఎల్ నినో, అంటే సముద్రపు నీరు మామూలుకంటే వేడెక్కే దశ, నడుస్తోంది, ఈశాన్య రుతుపవనాలకు అది ఊతమిస్తుందన్నది తెలిసిన విషయమే. చెన్నై వానకూ పేరు లేదు. మన దగ్గర గంటకు 62 కిలోమీటర్ల గాలి వీచే దాకా వ్యవస్థకు పేరు రాదు. అది అల్పపీడనంగానే ఉండిపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు కురిసింది కూడా పేరులేని వాయుగుండం వానే.

భూతాపం పాత్ర ఎంత అన్న ప్రశ్నకు డెస్మండ్, చెన్నై వానలు రెండూ వేర్వేరు జవాబులు ఇవ్వడం నాకు ఆసక్తిగా తోచింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. వాతావరణ నమూనాలతో చేసిన అధ్యయనాల్లో, డెస్మండ్ వంటి వాన పడే అవకాశం మానవ ప్రేరిత వేడి వల్ల దాదాపు 40 శాతం పెరిగిందని మొదటి అంచనా వచ్చింది, తరవాతి పరిశీలనలో అది 60 శాతం దాపుకు చేరింది. చెన్నై వాన విషయంలో అలాంటి స్పష్టమైన ప్రభావం కనబడలేదు. ప్రతి వరదనూ ఒకే గాటన కట్టే అలవాటున్న మన చర్చల్లో ఈ తేడా ఎక్కువగా వినబడదు.

ఇంగ్లండ్‌లో ఆ శీతాకాలపు వరదల నష్టం సుమారు 160 కోట్ల పౌండ్లని అక్కడి పర్యావరణ సంస్థ లెక్కగట్టింది. జాబితాలో మిగిలిన లారెన్స్, మేరీ, నైజెల్ వగైరా పేర్లు వాడకుండానే పక్కకు పోయాయి. మరుసటి ఏడాది మళ్ళీ మొదటి అక్షరం నుంచి ఆంగస్‌తో లెక్క మొదలైంది. అల్స్‌వాటర్ సరస్సు నుంచి ఈమంట్ నది బయలుదేరే చోట పూలీ బ్రిడ్జ్ అనే ఊరు ఉంది, ఆ పేరు అక్కడి వంతెన మీద వచ్చినదే. 1764 నాటి ఆ రాతి వంతెన డెస్మండ్ వరదలో కొట్టుకుపోయింది, ఊరికి పేరు మిగిలి వంతెన లేకపోయింది. దాని స్థానంలో కట్టిన ఉక్కు వంతెన 2020 అక్టోబరులో తెరుచుకుంది. పాతదానికి నది మధ్యలో స్తంభాలు ఉండేవి. కొత్తది ఒకే కమానుతో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరుతుంది, నీటిలో దానికి స్తంభాలు లేవు.