హార్డ్ డిస్క్ నుంచి హార్డ్ డిస్క్‌కు పెద్ద ఫైళ్లు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో పెళ్లి వీడియోల ఎడిటింగ్, ఫుటేజీ భద్రపరచడం నా వృత్తి. ఇటు పాతపట్నం నుంచి అటు కాశీనగరం, గుణుపురం వరకు వీడియోలు తీసేవారు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు పట్టుకొని వస్తుంటారు. సెకనుకు 100 మెగాబిట్ల (ఎనిమిది మెగాబిట్లు ఒక ఎంబీ) చొప్పున 4కేలో చిత్రీకరిస్తే గంటకు 45 జీబీ అవుతుంది కాబట్టి, రెండు కెమెరాలతో ప్రధానం నుంచి అప్పగింతల దాకా తీసిన పెళ్లి సులభంగా 500 జీబీ దాటుతుంది. ఇంత ఫుటేజీని ఒక డిస్కులోంచి మరొక డిస్కులోకి ఎక్కించేటప్పుడు ఏ ఇబ్బంది ఎదురైనా చాలామంది "డిస్క్ పోయిందండీ" అనే ఒకే నిర్ధారణకు వస్తారు. కాపీ నెమ్మదిగా సాగడం, మధ్యలో తెగిపోవడం, అసలు మొదలే కాకపోవడం అనేవి మూడు వేర్వేరు సమస్యలు. వాటి కారణాలూ వేరు, చాలాసార్లు ఆ కారణం డిస్కులో ఉండదు.

అపోహ: డిస్క్ మీద యూఎస్‌బీ 3.0 అని ఉంది కనుక సెకనుకు 5 గిగాబిట్ల వేగం రావాలి.

వాస్తవం: ఆ అంకె దారి సామర్థ్యాన్ని చెబుతుందే తప్ప డిస్కు వేగాన్ని చెప్పదు. లోపల పళ్లెం తిరిగే రెండున్నర అంగుళాల డిస్కు సెకనుకు 100 నుంచి 140 ఎంబీ ఇస్తే అది ఆరోగ్యంగా ఉన్నట్టే. పళ్లెం అంచు నుంచి లోపలి వలయాలకు వచ్చేసరికి ఆ వేగం కూడా దాదాపు సగానికి తగ్గుతుంది కనుక, నిండిన డిస్కు ఖాళీ డిస్కు కంటే నిదానంగా కనిపించడం సహజం. అయితే వేగం 30, 40 ఎంబీ మధ్య కదలకుండా నిలబడి ఉంటే మాత్రం దారిలో ఎక్కడో యూఎస్‌బీ 2.0 అడ్డుపడుతోందని అర్థం. మొదట కేబులును అనుమానించండి. డిస్కు వైపున ఉండే వెడల్పాటి మైక్రో-బీ సాకెట్‌లో ఒక సగానికి పాత ఫోన్ ఛార్జింగ్ కేబులు కూడా చక్కగా పడుతుంది, డిస్కు తెరుచుకుంటుంది, ఎవరికీ అనుమానం రాదు, కానీ వేగం సెకనుకు 480 మెగాబిట్లకు మించదు. ఫోన్లతో వచ్చే టైప్-సీ కేబుళ్లలోనూ చాలావాటికి యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. 500 జీబీకి ఒక దారిలో గంటంపావు, మరో దారిలో నాలుగు గంటలు పట్టడం వెనుక తరచూ ఉండేది ఆ మూరెడు కేబులే. రెండు డిస్కులనూ ఒకే 2.0 హబ్‌కు తగిలిస్తే చదవడం, రాయడం రెండూ ఆ దారినే పంచుకోవలసి వస్తుంది కనుక వేగం మళ్లీ సగమవుతుంది.

అపోహ: మొదట 120 ఎంబీతో పరుగెత్తి, తరువాత 20కి పడిపోయిందంటే డిస్కు చెడిపోతోంది.

వాస్తవం: దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బాగున్న డిస్కులను మార్పించే అపోహ ఇదే. కాపీ మొదలైన తొలి క్షణాల్లో కనిపించే పెద్ద అంకెలో కొంత భాగం కంప్యూటర్ తన ర్యామ్‌లో దాచుకున్న డేటా వల్ల వచ్చేది. దానిని లెక్కలోకి తీసుకోకూడదు. అసలు సంగతి డిస్కు నిర్మాణంలో ఉంది. నేడు చవకగా దొరికే పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటిలో ఎస్ఎంఆర్ అనే పద్ధతి వాడుతున్నారు. ఇందులో పళ్లెం మీది డేటా వరుసలను పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేటట్లు పేరుస్తారు. తక్కువ చోటులో ఎక్కువ డేటా పడుతుంది కానీ, మధ్యలో ఒక వరుసను మార్చాలంటే దాని మీదకు వచ్చిన తరువాతి వరుసలను కూడా తిరిగి రాయాలి. ఈ ఆలస్యం బయటపడకుండా డిస్కు కొంత చోటును వేరుగా ఉంచుకొని, వచ్చిన డేటాను ముందు అక్కడ వేగంగా రాసుకొని, ఖాళీ దొరికినప్పుడు అసలు చోటికి సర్దుతుంది. పదో ఇరవయ్యో జీబీలు ఎక్కించేవారికి ఈ ఏర్పాటు తెలియనే తెలియదు. వందల జీబీలు ఆగకుండా కుమ్మరించినప్పుడు ఆ చోటు నిండిపోతుంది, డిస్కు ఒకవైపు సర్దుకుంటూ మరోవైపు రాయవలసి వస్తుంది, వేగం కుప్పకూలుతుంది.

అటువంటప్పుడు కాపీని రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టడం, తొందరకొద్దీ రెండో కాపీని కూడా అదే డిస్కు మీదకు ప్రారంభించడం పరిస్థితిని ఇంకా చెడగొడతాయి. ఫోల్డర్లను విడివిడిగా, మధ్య మధ్య కొంత విరామం ఇస్తూ ఎక్కించండి. పని పూర్తయిన తరువాత కూడా డిస్కును కొంతసేపు కరెంటులోనే ఉంచితే అది తన సర్దుబాటును ముగించుకుంటుంది. ఇటువంటి డిస్కు నిల్వకు పనికివస్తుంది కానీ, దాని మీదే ఎడిటింగ్ చేయడానికి పనికిరాదని నా అభిప్రాయం. నిజంగా చెడిపోతున్న డిస్కు లక్షణం వేరు: రాసేటప్పుడే కాక చదివేటప్పుడు కూడా, ప్రతిసారీ ఒకే ఫైలు దగ్గర అది నిలిచిపోతుంది. డిస్కు ఆరోగ్యాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 05, సీ5, సీ6 అనే వరుసల్లోని (ఇవి డిస్కులో పాడైన, అనుమానాస్పదమైన చోట్ల లెక్క) ముడి విలువలు సున్నా కాకుండా, రోజురోజుకూ పెరుగుతూ ఉంటే అప్పుడు భయపడండి.

అపోహ: డిస్కులో చోటున్నా "ఫైలు చాలా పెద్దది" అంటోందంటే డిస్కులో లోపం ఉంది.

వాస్తవం: లోపం లేదు, అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంది. అందులో ఒక్క ఫైలు 4 జీబీకి చేరకూడదు. విండోస్‌లో మాత్రమే వాడితే ఎన్‌టీఎఫ్ఎస్, మ్యాక్‌కు కూడా తగిలించేటట్లయితే ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. మ్యాక్ సొంతంగా ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదువుతుంది కానీ రాయదు. ఫార్మాట్ చేస్తే డేటా పోతుందని వేరే చెప్పనక్కరలేదు.

అపోహ: కొన్ని ఫైళ్లు మాత్రమే వదిలేసి మిగిలినవి కాపీ అయ్యాయంటే ఆ ఫైళ్లలో వైరస్ ఉంది.

వాస్తవం: మా ప్రాంతంలో దీనికి ఎక్కువగా కనిపించే కారణం పేర్ల పొడవు. వధూవరుల పేర్లు, ఊరు, తేదీ అన్నీ కలిపి తెలుగులోనో ఒడియాలోనో ఫోల్డరుకు పేరు పెట్టి, అందులో మరో ఫోల్డరు, దానిలో ఇంకొకటి చేస్తారు. విండోస్‌లో డ్రైవ్ అక్షరం మొదలుకొని ఫైలు పేరు చివరి వరకు మొత్తం దారి మామూలుగా 260 అక్షరాలకు లోబడి ఉండాలి. మన కంటికి ఒక్కటిగా కనిపించే "శ్రీ" కంప్యూటర్ లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. లినక్స్ ఆధారిత నిల్వ పెట్టెల్లో ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఒక పేరుకు 255 బైట్లే అనుమతి, తెలుగు, ఒడియా లిపుల్లో ఒక్కొక్క చిహ్నానికి మూడు బైట్లు పడతాయి. పై ఫోల్డరు పేరును కుదించి మళ్లీ ప్రయత్నించండి, వైరస్ మాయమవుతుంది.

అపోహ: కాపీ మధ్యలో డిస్కు కనిపించకుండా పోతే కొత్తది కొనవలసిందే.

వాస్తవం: ముందు కరెంటు సంగతి చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలని ప్రమాణం. అడాప్టర్ లేని హబ్‌కు రెండు పోర్టబుల్ డిస్కులు తగిలిస్తే రెండూ కలిసి ఒకే పోర్టు మీద ఆధారపడతాయి, పళ్లెం వేగం అందుకునే క్షణంలోనో, రెండూ ఒకేసారి పని చేసేటప్పుడో ఒకటి తెగిపోతుంది. ఒక్కొక్క డిస్కును కంప్యూటర్‌కు నేరుగా, డెస్క్‌టాప్ అయితే వెనుకవైపు పోర్టులకు తగిలించండి. ల్యాప్‌టాప్ నిద్రలోకి పోకుండా సెట్టింగ్ మార్చి, ఛార్జర్ పెట్టి ఉంచండి. ఇవన్నీ చేసినా డిస్కులో టిక్ టిక్ మనే శబ్దం వస్తుంటే అది కరెంటుతో తీరే సమస్య కాదు, వెంటనే ఆపేయండి.

అపోహ: సీఆర్‌సీ ఎర్రర్ (చదివిన డేటా సరిపోలడం లేదన్న హెచ్చరిక) వస్తే వెంటనే విండోస్‌లోని చెక్‌డిస్క్ నడపాలి.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన సలహా. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ను సరిచేయడం, మీ ఫైళ్లను కాపాడడం కాదు. బలహీనపడిన డిస్కు మొత్తాన్ని అది గంటల తరబడి చదివిస్తుంది, పొంతన కుదరని ఎంట్రీలను తొలగిస్తుంది. ముందుగా కేబులు, పోర్టు మార్చి చూడండి. అప్పటికీ అదే ఎర్రర్ వస్తే చదవగలిగిన ముఖ్యమైన ఫైళ్లను మొదట బయటకు తీయండి. మిగిలినదానికి లినక్స్‌లో డేటాను బయటకు తీసే డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ తగినది, ఎందుకంటే అది మొండికేసిన చోట్లను వదిలి ముందు సులభమైన భాగాలను తీసుకొని, తరువాత వాటి దగ్గరకు తిరిగి వస్తుంది.

అపోహ: కట్ చేసి పేస్ట్ చేస్తే సమయం కలిసివస్తుంది, తెర మీద కాపీ ఎంత అయిందో చూపే గీత చివరికి చేరితే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఒకే డిస్కులో ఫోల్డరు మార్చినప్పుడు డేటా కదలదు కనుక క్షణంలో అవుతుంది. రెండు డిస్కుల మధ్య మాత్రం కట్ అంటే కాపీ చేసి పాతదాన్ని తొలగించడమే, సమయం ఏమీ మిగలదు. మధ్యలో తెగితే సగం ఇక్కడ, సగం అక్కడ మిగులుతాయి. కాపీ ముగిసిందన్న మాటకు అర్థం రాయడం ముగిసిందని మాత్రమే, రాసినది సరిగ్గా ఉందని కాదు. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ తెగిన చోటి నుంచి కొనసాగించగలదు కానీ, అది పోల్చేది పరిమాణాన్నీ సమయాన్నీ, లోపలి డేటాను కాదు. టెరాకాపీ, ఫాస్ట్‌కాపీ వంటివాటిలో వెరిఫై ఎంపిక పెడితే రెండు వైపులా హ్యాష్ (ఫైలులోని డేటా నుంచి లెక్కించే వేలిముద్ర లాంటి అంకె) లెక్కించి పోలుస్తాయి. అందుకు మరికొంత సమయం పడుతుంది. ఆ పోలిక ముగిసేవరకు నేను కెమెరా కార్డులను ఫార్మాట్ చేయనివ్వను, పెళ్లివారు ఎంత తొందరపెట్టినా సరే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాను ఎలా కుదిపిందో చూసినవారికి, రెండు కాపీలూ ఒకే దుకాణంలో ఎందుకు ఉంచకూడదో చెప్పనక్కరలేదు. మా వద్ద రెండో డిస్కు వేరే ఊరిలో ఉంటుంది.

అపోహ: కొత్త విండోస్‌లో డిస్కును ఎప్పుడైనా పీకేయవచ్చు.

వాస్తవం: విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి త్వరగా తీసేందుకు వీలైన అమరిక డిఫాల్ట్‌గా వచ్చిన మాట నిజమే. కానీ రాయడం జరుగుతుండగా తీస్తే ఆ అమరిక కాపాడదు, జర్నల్ (జరుగుతున్న మార్పుల చిట్టా) లేని ఎక్స్‌ఫ్యాట్ డిస్కుకైతే దెబ్బ ఎక్కువ. సురక్షితంగా తొలగించే బటన్ నొక్కినప్పుడు "పరికరం వాడుకలో ఉంది" అని వస్తే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను, తెరిచి ఉన్న ఫోల్డర్లను మూసి చూడండి. అప్పటికీ వదలకపోతే కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, డిస్కు మీది దీపం ఆరిన తరువాత తీయండి.