ఆమదాలవలస రోడ్డుకు ట్రామా, బస్సా?

శ్రీకాకుళం ఊళ్లోకి రైలు రాదు. 1890లలో వేసిన లైను ఆమదాలవలస మీదుగా పోయింది, అక్కడి స్టేషనుకే శ్రీకాకుళం రోడ్ అని పేరు. రైలు దిగాక పన్నెండు, పదమూడు కిలోమీటర్లు బస్సులోనో షేర్ ఆటోలోనో రావాలి. ఆటో నిండేదాకా కదలదు. డ్రైవరుకి చెరోపక్క ఒకరు, సంచులన్నీ కాళ్ల సందున. ట్రామ్‌ను, అంటే రోడ్డులోనే వేసిన పట్టాల మీద నడిచే బండిని, చౌకగా వేయొచ్చన్న ఆశ ఇప్పుడు మళ్లీ కలుగుతోంది. ఆ మాట అనగానే మన జిల్లాలో ముందు తట్టేది ఈ రోడ్డే.

చౌక పట్టాలు మనకు కొత్త కాదు. పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి తమ ఊరికి 1900లోనే రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య ఎడం) మీద చిన్న రైలు నడిపించారు. మొదట్లో నష్టాలే, పదేళ్లకు గానీ లాభాలు చూడలేదు. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపేసి బ్రాడ్‌గేజికి మార్చారు. ఆ రైలు మొదలైన రోజుల్లో దానికి పోటీగా బస్సన్నదే లేదు. నిలదొక్కుకోవడానికి అంత వ్యవధి అందుకే దొరికిందని నా అభిప్రాయం.

నగరాల ట్రాములు మాత్రం తర్వాత వచ్చిన బస్సుల పోటీకి నిలవలేకపోయాయి. మద్రాసులో 1895లో మొదలైన కరెంటు ట్రామ్ 1953 ఏప్రిల్‌లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి ఆరు నెలల ముందు, నష్టాలతో మూతపడింది. బొంబాయిలో 1964లో ఆగింది. రోడ్డు తవ్వితే బస్సు పక్క వీధిలోంచి పోతుంది, ట్రామ్ పోలేదు.

ఇప్పుడు మళ్లీ ఆశ రేపుతున్నది ఇంగ్లండులోని కోవెంట్రీ. ట్రామ్ ఖర్చులో పెద్ద భాగం రోడ్డు కింది నీటి గొట్టాలను, కేబుళ్లను పక్కకు జరపడానికే పోతుంది. అక్కడ 30 సెంటీమీటర్ల మందం పలకలో పట్టాలు బిగించి, కింది గొట్టాలను, కేబుళ్లను వీలైనంతవరకు కదపకుండా సరిపెడుతున్నారు. బండి బ్యాటరీది కనుక పైన తీగలు అక్కర్లేదు. 2025లో ఊరి రోడ్డు మీద చిన్న ముక్క వేసి నడిపి చూశారు. తెలివైన పని, మెచ్చుకోవాల్సిందే. కానీ వాళ్లు పెట్టుకున్న లక్ష్యమే కిలోమీటరుకు కోటి పౌండ్లు, అంటే వంద కోట్ల రూపాయల పైమాట. మన దగ్గర సగానికే అయిపోతుందనుకున్నా ఈ రోడ్డుకి ఆరు వందల కోట్లు కావాలి.

బస్సులకైనా డబ్బు వస్తోందా అంటే అదీ లేదు. కేంద్రం 2023లో ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవలో 10,000 విద్యుత్ బస్సులున్నాయి, కానీ కనీసం 3 లక్షల జనాభా ఉండాలని గీత పెట్టారు. 2011 లెక్కల్లో శ్రీకాకుళం అందులో సగం కూడా లేదు, విజయనగరమూ ఆ గీత దాటలేదు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం, దాంతో బస్సుల అవసరం ఇంకా పెరిగింది. ట్రామ్ సంగతి తర్వాత చూడొచ్చు. ముందు ఆ గీత మన ఊళ్లకు సడలించాలి. రైళ్ల వేళలకు కలిసేలా, అర్ధరాత్రి దిగేవాళ్లకు కూడా ఆమదాలవలస నుంచి బస్సు ఉండాలి.