వారంటీ దాటిన ఫ్రిజ్, సరిహద్దు అవతలి బిల్లు

ఇల్లు ఒడిశాలోని పర్లాకిమిడిలో, ఫ్రిజ్ కొన్నది పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో. గజపతి జిల్లా తెలుగువాళ్లకు ఇది మామూలే. వారంటీ ముగిశాక అది చల్లబడకపోతే అడిగే హక్కు ఉందా అన్నది ఒక చిక్కు, ఏ రాష్ట్రంలో అడగాలన్నది ఇంకో చిక్కు.

మొదటిదానికి జవాబు పాతదే. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, దుకాణంలో అమ్మే వస్తువు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు కాగితం మీద లేకపోయినా ఉన్నట్టే. కార్డు మీది వారంటీ దానికి అదనం. అలాగని మూడేళ్లకు చెడిపోయిన ప్రతిదీ లోపమున్న సరుకు కాదు. అరుగుదల వేరు, లోపం వేరు.

రెండో చిక్కు చాలాకాలం నలిగింది. 1986 వినియోగదారుల చట్టం ప్రకారం అవతలి పక్షం వ్యాపారం చేసే చోటో, వివాదం పుట్టిన చోటో ఫిర్యాదు వెయ్యాల్సి ఉండేది. 1993 సవరణ బ్రాంచి ఆఫీసు ఉన్న చోటును చేర్చింది, ఫిర్యాదుకు రెండేళ్ల గడువూ పెట్టింది. కంపెనీకి బరంపురంలో బ్రాంచి ఉంది కదా అనుకుంటే, వివాదంతో సంబంధమున్న చోటి బ్రాంచే లెక్క అని 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక వాయిదాలకు పాతపట్నం జిల్లా కేంద్రమైన శ్రీకాకుళమే. ఒక ఫ్రిజ్ కోసం ఎవరు తిరుగుతారు? 2020 జూలై 20న అమల్లోకొచ్చిన 2019 చట్టం, కొన్నవాళ్లు ఉండే చోటే వెయ్యొచ్చంది. 5 లక్షల లోపు సరుక్కి ఫీజు లేదు. ఉన్నచోటే వెయ్యొచ్చన్నదే సరిహద్దు జనానికి ఆ చట్టంలో అన్నిటికన్నా పనికొచ్చిన మాట.

కేసు నిలబడేది జాబ్ షీట్ల మీద, అంటే మెకానిక్ వచ్చినప్పుడల్లా చేసిన పని రాసిచ్చే కాగితాల మీద. ఫ్రిజ్‌లో గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతుంది, వాడకంతో తరగదు. తగ్గిందంటే లీకే. వారంటీలోనే రెండుసార్లు ‘గ్యాస్ నింపాం’ అని రాసి లీకు ఊసెత్తలేదంటే, మూడో ఏటి ఫిర్యాదుకు అంతకన్నా బలమైన కాగితం ఉండదు. తేమ పీల్చే ఫిల్టర్ డ్రయ్యర్ మార్చకుండా, గొట్టాల్లో గాలీ తేమా పోయేలా వాక్యూమ్ సరిగా తియ్యకుండా గ్యాస్ ఎక్కిస్తే మిగిలిన తేమ క్యాపిలరీ అనే సన్న గొట్టం చివర గడ్డకడుతుంది. కాసేపు చల్లబడుతుంది, కాసేపు ఉండదు. ఎన్ని గ్రాములు ఎక్కించాలో ఫ్రిజ్ మీది స్టిక్కర్‌లోనే ఉంటుంది.

‘కంప్రెసర్‌కు 10 ఏళ్లు’ అన్నది సాధారణంగా ఆ ఒక్క భాగానికే. గ్యాసు, కూలి, రవాణా మనవే. ‘కంప్రెసర్ పోయింది’ అనగానే తలూపకుండా, దాన్ని స్టార్ట్ చేసే రిలే, వేడెక్కితే ఆపే ఓవర్‌లోడ్ చూడమనాలి. ఇన్వర్టర్ మోడల్ అయితే ఎలక్ట్రానిక్ బోర్డు. తేలినదేంటో రాయించుకోవాలి. మార్చిన పాత భాగం వదులుకోకూడదు. 2019 చట్టం 38వ సెక్షన్ కింద, ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ ల్యాబ్ పరీక్షకు పంపాలంటే వస్తువు ఉండాలి కదా.

‘పార్టు వచ్చే వారం’ అన్న నోటి మాట ఆ రెండేళ్ల గడువును ఆపదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఆపదు.

డెలివరీ కోసం బిల్లు మీద పాతపట్నం చుట్టాల అడ్రసు రాయిస్తుంటారు. అలాంటప్పుడు పర్లాకిమిడిలో ఉంటున్నట్టు రేషన్ కార్డో కరెంటు బిల్లో ఫిర్యాదుకు జతచెయ్యాలి. పేరూ చుట్టాలదే అయితే, వాళ్ల సమ్మతితో వాడుతున్నామని రాస్తే సరి. చట్టం అలాంటివాళ్లనూ వినియోగదారులుగానే చూస్తుంది.