సిరొంచ ఓటు: 2016 సంతకం నుంచి మొదలైన లెక్క

కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ మరమ్మతుల మాట మళ్లీ రావడంతో, గోదావరికి అవతలి ఒడ్డున మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచలో పాత పరిహారం తగాదా కూడా లేచింది. తెలంగాణలో చర్చంతా బ్యారేజీలో కుంగిన పియర్లు (స్తంభాలు), దానిపై విచారణ జరిపిన ఘోష్ కమిషన్ నివేదిక, ఎవరు ఎంత తిన్నారన్న దాని చుట్టూనే. సిరొంచ రైతు అడిగేది వేరు. గేట్లు మళ్లీ దించితే మా చేలలోకి ఎగదన్నే నీటికి ఎవరిని పట్టుకోవాలి? అక్కడి ఓటు అర్థం కావాలన్నా ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

తెలుగు మాట్లాడే ఈ తాలూకా మహారాష్ట్రలో ఎలా మిగిలింది, నక్సల్ దళాల కాలం ఎలా గడిచింది అన్నవి అందరూ విన్నవే. జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాట, ఆ రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. జబ్బు చేస్తే మంచిర్యాలకో వరంగల్‌కో పోతారు. ఆస్పత్రి, సంబంధాలు ఇటువైపు. పట్టా, ఓటు అటువైపు. సిరొంచ ఉండేది అహేరి అసెంబ్లీ నియోజకవర్గంలో. ఆ ఓటు కూడా చాలాకాలం పార్టీలది కాదు, అహేరి రాజకుటుంబానిది. 2009లో ఆదివాసీ విద్యార్థి సంఘం దన్నుతో దీపక్ ఆత్రం స్వతంత్రుడిగా గెలవడం పెద్ద మలుపని కొందరంటారు. నిజమైన మలుపు దాని తర్వాత వచ్చింది.

2014లో రాజకుటుంబం నుంచే అంబరీశ్‌రావు ఆత్రం బీజేపీ తరఫున గెలిచి సహాయ మంత్రి అయ్యారు, జిల్లా బాధ్యతా ఆయనకే ఇచ్చారు. 2016 మే 2న కేసీఆర్ కన్నెపల్లిలో కాళేశ్వరానికి శంకుస్థాపన చేశారు. రెండు రాష్ట్రాల తుది ఒప్పందం మీద ముఖ్యమంత్రులు ఫడ్నవీస్, కేసీఆర్ సంతకాలు పడింది ఆగస్టు 23న. కొబ్బరికాయ ముందు, ఒప్పందం తర్వాత. సిరొంచలో నిరసనలు జరిగాయి, దిష్టిబొమ్మలు తగలబెట్టారు. అంతకుముందు బ్యారేజీ కట్టాలనుకున్న తుమ్మిడిహెట్టి దగ్గర ముంపు వద్దని ఏళ్ల తరబడి పట్టుబట్టిన మహారాష్ట్ర, మేడిగడ్డలో 100 మీటర్ల నీటి మట్టానికి ఒప్పుకుంది. సొంత మంత్రి ఉండి కూడా మన మాట ముంబైలో వినపడలేదన్న కోపం అక్కడ పుట్టింది.

2019 జూన్ 21న బ్యారేజీ ప్రారంభానికి ఫడ్నవీస్ ముఖ్య అతిథిగా వచ్చారు. అక్టోబరు ఎన్నికల్లో అంబరీశ్‌రావు ఓడిపోయారు, అదే రాజకుటుంబానికి చెందిన ధర్మరావు బాబా ఆత్రం ఎన్సీపీ నుంచి గెలిచారు. అహేరి నియోజకవర్గంలో ఏటపల్లి, భామ్రాగడ్ లాంటి తాలూకాలూ ఉన్నాయి కాబట్టి ఆ ఓటమి మొత్తాన్నీ బ్యారేజీ ఖాతాలో వేయలేం. కానీ సిరొంచలో ప్రచారమంతా నీటి మీదే నడిచింది.

తర్వాత 2022 జులై వరద. పత్తి, మిర్చి చేలు మునిగాయి, ఒడ్డు కోసుకుపోయింది, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. తెలంగాణ అధికారులు చెప్పేది, అది ఎన్నడూ లేని వరద అని. అందులో నిజముంది: భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, కన్నెపల్లి పంప్‌హౌస్ కూడా మునిగింది. రైతులు దాన్ని కాదనడం లేదు. బ్యారేజీ కట్టక ముందూ వరదలు చూశాం, నీళ్లు ఇన్నాళ్లు చేలో నిలబడేవి కావు అంటారు. ముంపు కింద కొంత భూమిని నేరుగా కొన్నారు. ముంపు గీతకు అవతల మిగిలినవాళ్లకూ పంట పోయింది, కాగితం మీద మాత్రం వాళ్లు ముంపు బాధితులు కారు. ఆ ఏడాది నవంబరులో సిరొంచలో నిరాహార దీక్షలకు కూర్చున్నది వీళ్లే.

ఆ తర్వాతి ఏడాదే బీఆర్ఎస్ మహారాష్ట్రలో అడుగుపెట్టింది. దీపక్ ఆత్రం గులాబీ కండువా కప్పుకున్నారు. ఎవరి బ్యారేజీ నీళ్లు చేలోకొచ్చాయో వాళ్లే రైతు సర్కారు తెస్తామని ఆ రైతుల దగ్గరికి వచ్చారు! రైతుబంధు మీద సిరొంచలో ఆశ ఉన్న మాటా నిజమే, వంతెన దాటితే చుట్టాలకు అప్పట్లో ఆ డబ్బు పడేది మరి. అక్టోబరు 21న పియర్లు కుంగాయి, డిసెంబరులో కేసీఆర్ ఓడిపోయారు. ఆ ముచ్చట అక్కడితో సరి.

2024 లోక్‌సభలో గడ్చిరోలి-చిమూర్ సీటు బీజేపీ చేతి నుంచి కాంగ్రెస్‌కు పోయింది. అదే ఏడాది అసెంబ్లీకి ధర్మరావు బాబా, ఆయన కూతురు భాగ్యశ్రీ, అంబరీశ్‌రావు ముగ్గురూ పోటీ పడ్డారు. ధర్మరావే నెగ్గారు, ఈసారి బీజేపీ ఉన్న మహాయుతి కూటమి అభ్యర్థిగా. దీన్ని చూపించి సిరొంచ బ్యారేజీని మరిచిపోయిందని కొందరు రాశారు. ఒకే ఇంటివాళ్లు ఓట్లు చీల్చుకున్న ఎన్నికతో ఆ మాట చెప్పడం తొందరపాటు.

ఇప్పటి పరిస్థితి కాస్త విచిత్రం. 2016లో సంతకం పెట్టిన ఫడ్నవీస్ మళ్లీ ముఖ్యమంత్రి, పైగా గడ్చిరోలి జిల్లా బాధ్యత కూడా ఆయన దగ్గరే ఉంది. ఎంపీది కాంగ్రెస్, హైదరాబాద్‌లో ప్రభుత్వమూ కాంగ్రెస్‌దే. గేట్లు దించే ముందు మట్టం మళ్లీ కొలిచి, గీతకు అవతలి భూముల లెక్క కూడా తేల్చాలని రైతులు అడుగుతున్నారు. ఇన్నాళ్లూ పక్క రాష్ట్రం వాళ్లు వినడం లేదని సిరొంచ వైపు నాయకులు చెప్పుకున్నారు. ఈసారి ఆ మాట ఇటు ఎంపీ చెప్పలేరు, ఒప్పందం మాకు తెలియదని అటు ముఖ్యమంత్రీ అనలేరు.