పాత అంబాసిడర్‌కు కొత్త బ్రేకులు

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు, బ్రిటన్‌కు చెందిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు భారతీయ రూపం. దశాబ్దాల పాటు మంత్రులను, కలెక్టర్లను మోసిన ఆ కార్లను ముచ్చటపడి కొని బాగు చేయించుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించవచ్చా అన్నది వారిలో చాలామందికి వచ్చే సందేహం. వేయించవచ్చు. కానీ ఉన్న డ్రమ్ము బ్రేకు ఎందుకు సరిగా పట్టడం లేదో తేల్చుకోకుండా ఆ పని చేస్తే పాత జబ్బు కొత్త బ్రేకుకూ అంటుకుంటుంది. లోపం తరచుగా డ్రమ్ములో కాక, దానిని పనిచేయించే బ్రేక్ ఆయిల్ దారిలో ఉంటుంది.

పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ఆయిల్‌ను నెడుతుంది. ద్రవం నొక్కుడుకు దాదాపు కుంచించుకుపోదు కనుక, పాస్కల్ సూత్రం ప్రకారం ఆ పీడనం గొట్టాల గుండా అన్ని చక్రాలకూ సమానంగా చేరి, చక్రాల దగ్గరి వీల్ సిలిండర్ల పిస్టన్లను బయటకు తోసి, షూలను (లైనర్ అనే రాపిడి పొర అతికించిన వంపు ముక్కలను) చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపలి గోడకు అదుముతుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా అది మొదట పాదానికే తెలుస్తుంది. పెడల్ మెత్తగా స్పాంజిలా ఆనితే గొట్టాల్లో గాలి చేరిందని అర్థం. ఎయిర్ తీయిస్తే సరిపోతుంది. పెడల్ చాలా కిందికి వెళ్లి, రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పైకి వస్తే, షూలకు డ్రమ్ముకు మధ్య సందు పెరిగింది, అడ్జస్ట్‌మెంట్ చేయించాలి. తొక్కి పట్టుకున్న పెడల్ నెమ్మదిగా కిందికి దిగిపోతూ, బయట ఎక్కడా తడి కనిపించకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు అరిగి ఆయిల్‌ను వెనక్కి వదులుతోంది.

బ్రేకు వేసినప్పుడు కారు ఎడమవైపు లాగితే, చాలామంది ఎడమ చక్రాన్నే విప్పుతారు. నిజానికి ఎక్కువసార్లు ఆ చక్రం సక్రమంగానే పట్టుతోంది. కుడివైపు వీల్ సిలిండర్ తుప్పుతో బిగుసుకుపోవడమో, లైనర్‌కు గ్రీజు అంటడమో జరిగి ఉంటుంది. పెడల్ వదిలినా ఒక చక్రం బిగుసుకునే ఉంటే ఆ చక్రానికి ఆయిల్ చేర్చే రబ్బరు గొట్టాన్ని, అంటే హోస్‌ను అనుమానించాలి. పైకి నిగనిగలాడే హోస్ లోపల ఉబ్బి, ఆయిల్‌ను ముందుకు పోనిచ్చి వెనక్కి రానివ్వదు. ఆ చక్రం దగ్గరి బ్లీడింగ్ నిపిల్‌ను (గాలిని, ఆయిల్‌ను బయటకు వదిలే చిన్న మరను) కొద్దిగా వదులు చేయగానే ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే, పీడనం లోపల చిక్కుకుందని రుజువవుతుంది.

బ్రేక్ ఆయిల్‌కు ఆ పేరు ఉన్నా అది ఇంజిన్ ఆయిల్ జాతిది కాదు. పొరపాటున ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది. బ్రేక్ ఆయిల్‌గా వాడే గ్లైకాల్ రకం ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందులో డాట్ 3 అనే శ్రేణి ద్రవానికి ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ మరుగు స్థానం ఉండాలి. తేమ చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలే. వేడెక్కిన చక్రం దగ్గర అది మరిగితే ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ నేలకు ఆనుతుంది.

వేడి ఎంత పుడుతుందో తిరుమల కొండ దిగేటప్పుడు లెక్క వేయవచ్చు. మనుషులతో కలిపి 1,500 కిలోల కారు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు కోటి జౌళ్ల శక్తి ఖర్చు కావాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి అదే కారును ఒకసారి ఆపడానికి రెండు లక్షల జౌళ్లు చాలు, అంటే కొండ దిగడం దాదాపు యాభైసార్లు ఆపినంత. తక్కువ గేరులో దిగితే ఇంజిన్ ఇందులో పెద్ద వాటా తీసుకుంటుంది. న్యూట్రల్‌లో వదిలితే భారమంతా దాదాపు డ్రమ్ములదే. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, లైనర్ పట్టు తగ్గుతుంది. డిస్క్ అంటే చక్రంతో పాటు తిరిగే పళ్లెం, దానిని రెండు వైపుల నుంచి ప్యాడ్లు నొక్కి ఆపుతాయి. డిస్క్ అసలు లాభం ఇక్కడే ఉంది: దాని రెండు ముఖాలకూ గాలి తగిలి త్వరగా చల్లబడుతుంది, వ్యాకోచించినా ప్యాడ్లకు దూరం జరగదు. 1953లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ కార్ల పందెంలో జాగ్వార్ సి-టైప్ కార్లు డిస్క్ బ్రేకులతో గెలిచిన తరువాత ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది.

అయితే డ్రమ్ములో చక్రం తిరిగే దిశే ఒక షూను మరింత గట్టిగా గోడకు అదిమి కాలికి సాయపడుతుంది. డిస్క్‌కు ఆ సౌలభ్యం లేదు కనుక ఎక్కువ పీడనం కావాలి, అందుకు శూన్యం సాయంతో కాలి బలాన్ని పెంచే బూస్టర్ తోడవుతుంది. పెట్రోల్ ఇంజిన్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి బూస్టర్‌కు శూన్యం దొరుకుతుంది. డీజిల్ అంబాసిడర్‌కైతే విడిగా వాక్యూమ్ పంపు పెట్టించాలి. పాత మాస్టర్ సిలిండర్‌లో డ్రమ్ముల కోసం కొంత పీడనాన్ని నిలిపి ఉంచే వాల్వు ఉంటే, దానిని డిస్క్ వైపు తీసివేయకపోతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి. ఒకే ఒక్క గొట్టపు దారి ఉన్న పాత కారులో ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ పోతాయి, కాబట్టి నా దృష్టిలో డిస్క్ కంటే ముందు డబ్బు పెట్టవలసింది ఒక దారి కారినా రెండో దారి బ్రేకులు పనిచేసేలా చేసే, రెండు గదుల టాండెం మాస్టర్ సిలిండర్ మీద.

బిగింపు అయ్యాక, మలుపులు లేని ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగం నుంచి మొదలుపెట్టి గట్టిగా బ్రేకు వేసి చూడాలి. వెనక చక్రాలు ముందుగా పట్టేసి తోక పక్కకు జారితే, వెనక్కి వెళ్లే పీడనాన్ని తగ్గించే వాల్వు పెట్టించే వరకు ఆ కారును రద్దీలోకి తీసుకెళ్లకూడదు.