టీకా మీద తారల మాట: దాని వెనక కథ

అమెరికాలో 2009లో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు పిల్లలున్న తల్లిదండ్రులను ఒక సంగతి అడిగారు. టీకాల భద్రత గురించి ఎవరు చెబితే నమ్ముతారు? 1,500 మందికి పైగా జవాబిచ్చారు. తమ పిల్లల డాక్టరును బాగా నమ్ముతామన్నవారు 76 శాతం. తారలను బాగా నమ్ముతామన్నవారు 2 శాతమే. ఇక్కడితో ఆగితే, తారల ప్రభావం అంటూ జరిగేదంతా ఉత్త హడావుడి అనిపిస్తుంది. అయితే అదే సర్వేలో ఇంకో 24 శాతం మంది తారల మాటను కొంతవరకు నమ్ముతామన్నారు. పేచీ అంతా ఈ పావు వంతు దగ్గరే. తట్టు పాకకుండా ఉండాలంటే నూటికి 95 మందికి టీకా పడి ఉండాలి. తారను పూర్తిగా నమ్మక్కర్లేదు, "ఇప్పుడే ఎందుకు, కొన్నాళ్లు చూద్దాం" అని పది మంది అనుకుంటే చాలు.

పేరున్నవాళ్లను చూసి పిల్లల సంగతి తేల్చుకోవడం టీవీతో మొదలైన అలవాటు కాదు. లేడీ మేరీ వోర్ట్లీ మాంటెగ్యూ అనే ఇంగ్లిష్ దొరసానికి 1715లో మశూచి వచ్చి ముఖం నిండా మచ్చలు పడ్డాయి, కనురెప్పల వెంట్రుకలు రాలిపోయాయి. భర్త రాయబారిగా ఉన్న కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్), తేలికగా మశూచి వచ్చినవారి పొక్కుల రసిని ఆరోగ్యంగా ఉన్నవారి చర్మం గీరి ఎక్కించడం ఆవిడ చూశారు. కొడుక్కి అక్కడే చేయించారు. 1721లో లండన్‌లో మశూచి చెలరేగినప్పుడు రాజవైద్యుల కళ్ల ముందే కూతురికీ చేయించారు. మరుసటి ఏడాది యువరాణి కారొలిన్ తన ఇద్దరు కూతుళ్లకు చేయించాక పెద్దింటివాళ్లు ధైర్యం చేశారు. అంతకుముందు ఈ పద్ధతిని ప్రాణభిక్ష ఆశ చూపి న్యూగేట్ జైలులోని ఆరుగురు ఖైదీల మీద పరీక్షించారన్న సంగతి మాత్రం ఎక్కువమంది చెప్పుకోరు.

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే అందరూ చూపించే ఫొటో ఎల్విస్ ప్రెస్లీది. 1956 అక్టోబర్ 28న న్యూయార్క్‌లో, టీవీ షోకు ముందు, 21 ఏళ్ల గాయకుడు చొక్కా చెయ్యి పైకి మడిచి నవ్వుతూ పోలియో టీకా వేయించుకున్నాడు. సాల్క్ టీకా వచ్చి అప్పటికి ఏడాదిన్నర. చిన్నపిల్లలకు వేయిస్తున్నారు గానీ, టీనేజర్లు అది పసిపిల్లల జబ్బేలే అని పట్టించుకోవడం లేదు. ఆ ఒక్క ఫొటోతో అమెరికా అంతా క్యూ కట్టిందని చెబుతుంటారు గానీ, అది అతిశయోక్తి. టీనేజర్లే బృందాలుగా ఏర్పడి ప్రచారం చేశారు. టీకా వేయించుకున్నవాళ్లకే ప్రవేశమంటూ డాన్స్ పార్టీలు పెట్టారు. పని జరిగింది ఎక్కువగా అక్కడే.

ఇక తట్టు. పిల్లల రచయిత రోల్డ్ డాల్ కూతురు 1962లో, ఏడేళ్ల వయసులో తట్టుతో చనిపోయింది. అప్పటికి టీకా లేదు. జ్వరం తగ్గుముఖం పట్టిందనుకుని తండ్రి మంచం మీద కూర్చుని రంగురంగుల తీగలతో జంతుబొమ్మలు చేయడం నేర్పుతున్నాడు. పాప వేళ్లు తను అనుకున్నట్టు కదలడం లేదని అప్పుడే గమనించాడు. తర్వాత పన్నెండు గంటల్లో అంతా అయిపోయింది. 1986లో ఆయన ఈ సంగతంతా ఉత్తరంగా రాసి, పిల్లలకు టీకా వేయించండని తల్లిదండ్రులను కోరాడు. ఈ విషయంలో పేరున్నవాళ్లు రాసినవాటిలో ఇంత నిజాయితీగా, ఇంత సూటిగా ఉన్నది ఇంకొకటి కనపడదు.

సందేహం వైపు గాలి మళ్లింది 1998 ఫిబ్రవరిలో. లండన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ పన్నెండు మంది పిల్లల కేసులతో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో వ్యాసం వేసి, ప్రెస్‌మీట్ పెట్టి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకా వల్ల ఆటిజం (పిల్లలు మాట్లాడటంలో, నలుగురితో కలవడంలో తేడా కనిపించే ఎదుగుదల సమస్య) వస్తుందేమోనన్న అనుమానం రేపాడు. 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, బ్రిటన్ ఆయన పేరును డాక్టర్ల జాబితాలోంచి కొట్టేసింది. కానీ మధ్యలో పన్నెండేళ్లు గడిచాయి.

ఆ పన్నెండేళ్లలో ఒక పెద్ద మనిషి నోరు విప్పకపోవడం కూడా చాలా పని చేసింది. 2001 డిసెంబర్‌లో బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్‌ను మీ చిన్నబాబుకు ఎంఎంఆర్ వేయించారా అని అడిగారు. టీకా సురక్షితమే అన్నాడు గానీ, వేయించిందీ లేనిదీ చెప్పలేదు. అది కుటుంబ విషయమన్నాడు. న్యాయంగా చూస్తే ఆ మాటలో తప్పు లేదు. కానీ టీకా గదిలో పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకున్న తల్లికి అది ఎలా వినిపిస్తుంది? "వాళ్ల పిల్లాడికి వేయించలేదేమో, మనకు మాత్రం వేయించమంటున్నారు" అనే. ఆ రోజుల ఎంఎంఆర్ వార్తలను తర్వాత లెక్క చూస్తే, దాదాపు మూడో వంతు వార్తల్లో బ్లెయిర్ పిల్లాడి ప్రస్తావన ఉంది. వేక్‌ఫీల్డ్ పేరు వచ్చింది పావు వంతులోనే. టీకా వేయించామని 2008లో ఆయన భార్య చెరీ బ్లెయిర్ బయటపెట్టేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఇంగ్లాండ్‌లో 92 శాతం దాకా ఉన్న ఎంఎంఆర్ 2003-04 నాటికి 80 శాతానికి పడిపోయింది. దాని ఫలితం వెంటనే కనపడలేదు. 2012-13లో వేల్స్‌లోని స్వాన్సీ ప్రాంతంలో తట్టు వచ్చి 1,200 మందికి పైగా జబ్బుపడ్డారు. ఎక్కువమంది అప్పట్లో టీకా తప్పిపోయి పెరిగిన బడిపిల్లలే.

అమెరికాలో ఈ అనుమానానికి జెన్నీ మెకార్తీ ముఖం దొరికింది. మోడల్, నటి. కొడుక్కి ఆటిజం అని తేలింది. 2007 సెప్టెంబర్‌లో ఓప్రా విన్‌ఫ్రే టీవీ షోకు వచ్చి, ఎంఎంఆర్ వేయించాక కొడుకు కళ్లలో ప్రాణం పోయినట్టయిందని చెప్పింది. టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదన్న ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ప్రకటనను ఓప్రా చదివితే, నా సైన్స్ ఇంట్లో ఉన్న నా కొడుకే అంది. గూగుల్ యూనివర్సిటీలో డిగ్రీ చేశానని కూడా అంది. హాలంతా చప్పట్లు.

ఆవిడ అబద్ధం ఆడిందని నేననుకోను. మొదటి ఎంఎంఆర్ ఇచ్చేది 12 నుంచి 15 నెలల మధ్య. ఆటిజం లక్షణాలు ఇంట్లోవాళ్ల కళ్లకు ఆనేది కూడా దాదాపు ఆ వయసులోనే. కాకి వాలింది, తాటిపండు రాలింది. కన్నతల్లికి ఆ రెంటినీ విడదీసి చూడమని చెప్పడం కష్టం. అది విడదీసేవి పెద్ద లెక్కలే. డెన్మార్క్‌లో 6 లక్షల 57 వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి, 2019లో ఎంఎంఆర్‌కూ ఆటిజానికీ సంబంధం లేదని తేల్చారు. కాకపోతే టీవీ సోఫాలో కన్నీళ్లు పెట్టుకున్న తల్లి పక్కన ఆ లెక్క కూర్చోలేదు.

టీకా వైపు మాట్లాడిన తారలకు కూడా తలనొప్పులు తప్పలేదు. 2008లో నటి అమాండా పీట్, పిల్లలకు టీకా వేయించనివాళ్లను పరాన్నజీవులన్నంత మాట అని, తర్వాత ఆ మాటకు క్షమాపణ చెప్పింది. అనుమానంలో ఉన్న తల్లిని తిడితే ఆవిడ ఇంకా అవతలికి జరుగుతుంది. మరి మన దేశంలో పోలియో ప్రకటనల్లో అమితాబ్ బచ్చన్ తల్లిదండ్రులను కోపంగా మందలించాడు కదా, అది పని చేసిందే అని అడగొచ్చు. అక్కడ తేడా ఉంది. అమితాబ్ తిట్టి వెళ్లిపోలేదు, ఆయన వెనకే ఆదివారం బూత్ ఉంది. రాని ఇంటికి చుక్కల మందు పెట్టెతో కార్యకర్తలు వెళ్లి, వేసిన పిల్లల వేలికి సిరా గుర్తు పెట్టి వచ్చారు. కొన్ని చోట్ల మతపెద్దలు పక్కన నిలబడి నచ్చజెప్పారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. అందులో తార వాటా ఎంతో విడదీసి చెప్పలేం. సందేహం రేపిన తారకు మాత్రం ఈ బలగమేమీ అక్కర్లేదు. టీకా మానుకోవడానికి ఇంట్లో కూర్చుంటే సరిపోతుంది.

ఈ మధ్య కాలంలో పేరున్నవాళ్లకూ, టీకాల సంగతి తేల్చేవాళ్లకూ మధ్య గీత ఇంకా చెరిగింది. 2019 జూన్‌లో కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో, టీకా మినహాయింపులను కట్టడి చేసే బిల్లుకు వ్యతిరేకంగా నటి జెస్సికా బీల్ శాసనసభ్యులను కలిసింది. నేను టీకాలకు వ్యతిరేకిని కాను అనే అంది. అప్పుడు ఆవిడ పక్కన ఉన్నది రాబర్ట్ కెనెడీ జూనియర్. వైద్యుడు కాదు, లాయరు. ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ కుటుంబం పేరు ఆయన వెంట ఉంది. 2025 ఫిబ్రవరిలో ఆయనే అమెరికా ఆరోగ్య మంత్రి అయ్యాడు. ఏ టీకా ఎప్పుడు వేయాలో సిఫారసు చేసే నిపుణుల కమిటీలోని 17 మందినీ జూన్‌లో ఒకేసారి తీసేశాడు. ఆ ఏడాది అమెరికాలో తట్టు కేసులు 2 వేలు దాటాయి. ముప్పై ఏళ్లలో అన్ని రాలేదు.